కాకతీయ సైన్యానికి 1/72 బొమ్మలు: రకరకాల కంపెనీల వాటిని ఒకే పటాలంగా నిలబెట్టడం

1/72లో, అంటే నిజమైన మనిషిని 72వ వంతుకు కుదించిన ప్లాస్టిక్ బొమ్మలతో, కాకతీయ సైన్యం కట్టాలంటే ఒక పెట్టె కొని పని ముగించడం కుదరదు. పదాతికి ప్రాచీన ఈజిప్టు బొమ్మలో, ఆఫ్రికా జులూ యోధుల బొమ్మలో తీసుకోవాలి. గుర్రాలు మంగోలు సెట్టు నుంచి రావాలి. ఏనుగులు ఇంకో కంపెనీవి. అవతలి పక్క ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ సేనకు ఇటలేరి కంపెనీ సారసెన్లు (ముస్లిం యోధులు), మంగోలు రౌతులు, జ్వెజ్డా కంపెనీ గోల్డెన్ హోర్డ్ (మంగోలు సేన) సెట్టు బాగా పనికొస్తాయి. 1310 నాటి ఓరుగల్లు ముట్టడిని బల్ల మీద ఆడాలంటే నాలుగైదు కంపెనీల బొమ్మలు పక్కపక్కన నిలబడక తప్పదు.

అప్పుడు అందరూ ముందు ఎత్తు చూస్తారు. ఎత్తు తేడా సరిచేయడం అన్నిటికంటే సులువు, పాదం కింద ఒక ముక్క పెడితే అయిపోతుంది. బొమ్మలు వేరువేరు ఇళ్ల నుంచి వచ్చాయని కంటికి పట్టించేవి తల సైజు, ఈటె మందం, చేతుల లావు. ఈ మూడూ కలిస్తే ఒక మిల్లీమీటరు ఎత్తు తేడాను ఎవరూ గమనించరు. మనుషుల్లోనూ పొట్టివాళ్లు, పొడుగువాళ్లు ఉంటారు కదా. కానీ ఒకడి తల ఇంకొకడి తలకు ఒకటిన్నర రెట్లు ఉండదు.

పెట్టె మీది అంకెను నమ్మకండి. ఎయిర్‌ఫిక్స్ పాత సెట్లు హెచ్‌ఓ-ఓఓ పేరుతో వచ్చాయి. హెచ్‌ఓ అంటే 1/87, ఓఓ అంటే 1/76, ఆ రెండూ ఒకటి కావు. నిజానికి ఆ బొమ్మలు 1/76కి దగ్గర. తర్వాత అవే అచ్చుల బొమ్మలు 1/72 అని రాసిన పెట్టెల్లోనూ వచ్చాయి. ఎస్కీ అనే ఇంకో కంపెనీ అచ్చులు ఇటలేరి పెట్టెల్లో దొరుకుతాయి, కాబట్టి ఇటలేరి అనగానే అన్నీ ఒకే చేతి పని అనుకోకూడదు. కంపెనీ పేరు కాదు, ఆ సెట్టును చెక్కిన చేయి ఎవరిదన్నదే లెక్క. స్ట్రెలెట్స్ బొమ్మలు కాస్త మొరటుగా, లావుగా ఉంటాయి. సీజర్ వాళ్లవి సన్నగా, కొలతకు దగ్గరగా ఉంటాయి. ఈ రెండిటినీ ఒకే వరుసలో పెడితే ఎంత రంగు వేసినా కలవవు.

కొలిచే పద్ధతి ముందు కుదుర్చుకోవాలి. డిజిటల్ వెర్నియర్ కాలిపర్ ఒకటి చాలు. బొమ్మను పాదం నుంచి కంటి దాకా కొలవాలి, తలపైదాకా కాదు. తలపాగా, శిరస్త్రాణం, కొప్పు ఉంటే పైకొలత అబద్ధం చెబుతుంది. పాదం కింది బిళ్లను లెక్కలోకి తీసుకోకూడదు. ఆ బిళ్ల ఒక సెట్టులో 1 మి.మీ. ఉంటే ఇంకో సెట్టులో 1.5 దాకా ఉంటుంది. రెండు కంపెనీల బొమ్మలు కలవట్లేదని చాలామంది అనుకునేది నిజానికి బిళ్లల మందంలో తేడా. నిటారుగా నిల్చున్న బొమ్మనే కొలవండి. కాళ్లు చాపి దూకుతున్న భంగిమలో 1 నుంచి 2 మి.మీ. తగ్గిపోతుంది.

165 సెం.మీ. మనిషి 1/72లో 22.9 మి.మీ. వస్తాడు. కంటి దాకా అయితే దాదాపు 21.4. అదే మనిషి 1/76లో కంటి దాకా 20.3. తేడా ఒక మిల్లీమీటరే. ఇంత తేడాను పాత ఏటీఎం కార్డు ముక్కతో దిద్దేయొచ్చు. ఆ కార్డు మందం సరిగ్గా 0.76 మి.మీ., ఏ బ్యాంకుదైనా అంతే. పొట్టి బొమ్మ బిళ్ల కింద ఒక ముక్క అంటించి, పొడుగు బొమ్మ బిళ్లను అడుగున కాస్త అరగదీస్తే రెండూ ఒక మట్టానికి వస్తాయి. 1 మి.మీ. లోపు తేడా ఉంటే దళాన్ని నిలబెట్టే పెద్ద బిళ్ల ఒకే దాని మీద కలపండి. 1.5 దాకా ఉంటే వేరే బిళ్ల మీద వేరే దళంగా పెట్టండి. అంతకు మించితే ఆ బొమ్మను కోట గోడ మీద, బల్ల అవతలి అంచున నిలబెట్టండి. అక్కడ కొలిచి చూసేవాళ్లుండరు.

ఇక తల. మనిషి ఎత్తులో తల దాదాపు ఏడున్నరో వంతు. 22.9 మి.మీ. బొమ్మకు తల 3 మి.మీ. ఉండాలి. లావు బొమ్మల్లో ఇది 3.5 నుంచి 4 దాకా పోతుంది. ఒక దళంలో అందరి తలలూ 3 నుంచి 3.3 మధ్య ఉండేలా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. పెద్ద తలను చెక్కి చిన్నది చేయడం వృథా శ్రమ, ముఖం పోతుంది. తల మార్చేయడమే మేలు. ఇటలేరి జులూ సెట్టు శరీరాలకు సీజర్ కొత్త రాజ్యం (న్యూ కింగ్‌డమ్) నాటి ఈజిప్టు సెట్టు తలలు పెట్టొచ్చు. ఈజిప్టు జుట్టును చెక్కేసి వెనక కొప్పు పెడితే మన దక్కన్ వీరుడు తయారవుతాడు. ఊరూరా కనిపించే వీరగల్లుల మీది యోధుల్ని చూడండి. సిగ ముడి, నడుముకు గట్టిగా బిగించిన బట్ట, చేతిలో కత్తి, డాలు. కొప్పు ఎంత పెద్దదో, ఏ పక్కకు ముడిచారో ఆ రాళ్ల మీద చూసి చేస్తే పుస్తకం అక్కర్లేదు.

తల మార్పు ఇలా. కొత్త కట్టర్ బ్లేడుతో దవడ కింద ఒకే కోతతో తెంపాలి. మెడ ఒంటికే ఉండనివ్వాలి. రంపంలా ఆడిస్తే మెత్తటి ప్లాస్టిక్ నలిగి అంచు లేస్తుంది. ఆ పీచు లేచిన అంచును ఆకురాయి కూడా సాఫు చేయదు, బ్లేడుతోనే తీయాలి. తర్వాత మెడలోకి, తలలోకి 0.5 మి.మీ. డ్రిల్లు బిట్టును చేతితోనే తిప్పుతూ 2 మి.మీ. లోతు రంధ్రం చేయాలి. 25 గేజి ఇత్తడి తీగ సరిగ్గా అర మిల్లీమీటరు మందం. దాన్ని 4 మి.మీ. కత్తిరించి అటు సగం, ఇటు సగం దిగేయాలి. సన్నని బిట్లు, తీగలు, చిన్న ఆకురాళ్లు కంసాలులకు సామాను అమ్మే కొట్లలో దొరుకుతాయి. కరీంనగర్ వెండి తీగ పనివాళ్లు వాడే సన్న చిమటాలు ఈ పనికి చేసినట్టే ఉంటాయి, మొన కలిసే తీరే వేరు.

ఆ పిన్ను ఎందుకంటే, ఈ బొమ్మలు చాలావరకు పాలిథిలీన్. దానికి ఏ జిగురూ అంటదు. ఫెవిక్విక్ వేస్తే పట్టినట్టే ఉంటుంది, గోరు తగిలితే ఊడుతుంది. బరువు మోసేది తీగే, జిగురు సందు నింపడానికి మాత్రమే. సీజర్ వాళ్ల ప్లాస్టిక్ కాస్త గట్టిది, చక్కగా తెగుతుంది, అయినా పిన్ను మానకండి. ఏ ప్లాస్టిక్కో తేల్చుకోవడానికి బొమ్మలు అతుక్కుని వచ్చే ఫ్రేము ముక్కను వంచి చూడండి. తెల్లబారి విరిగితే పాలిస్టైరిన్, దానికి ప్లాస్టిక్ సిమెంటు పనిచేస్తుంది. విరక్కుండా వంగితే పిన్ను తప్పదు.

ఈటెల సంగతి అచ్చుబొమ్మల్లో మరీ అన్యాయం. పోత పోయడానికి వీలుగా కర్రను 0.8 నుంచి 1 మి.మీ. మందం చేస్తారు. అసలు కొలతలో అది 58 నుంచి 72 మి.మీ. లావు, అంటే ఇంటి పైకప్పుకు వాడే వాసం. నిజమైన ఈటె కర్ర 30 మి.మీ. ఉంటే బొమ్మకు 0.42 రావాలి. 27 గేజి తీగ దాదాపు ఇంతే. 2.4 మీటర్ల ఈటెకు 33 మి.మీ. ముక్క కోయండి. ఒక కొసను నున్నటి ఇనుప దిమ్మ మీద పెట్టి సుత్తెతో రెండు దెబ్బలు మెల్లగా వేస్తే రేకులా చదునవుతుంది. దాన్ని ఆకురాయితో ఆకు ఆకారానికి రాస్తే మొన తయారు. మూడో దెబ్బ పడితే ఇత్తడి చిట్లుతుంది, కాబట్టి ముందే తీగను దీపం మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చుకోండి, మెత్తబడుతుంది. ఒక పటాలంలో అందరి చేతికీ ఒకే తీగ ఈటెలు వస్తే, ఏ కంపెనీ బొమ్మ ఎక్కడుందో చెప్పడం కష్టం. మార్చడానికి ఓపిక ఒక్కదానికే ఉంటే తలలు వదిలేసి ఈటెలు మార్చండి, అంత గట్టిగా చెబుతాను. పిల్లలు ఆడే బల్ల అయితే మాత్రం మొన పదును తీసేయాలి.

పిడికిలిలో అచ్చు ఈటెను తెంపాక అక్కడ రంధ్రం చేయడం సున్నితమైన పని. పిడికిలి మొత్తం 1.2 మి.మీ. ఉంటుంది, అందులో 0.5 రంధ్రం కాస్త పక్కకు పోతే వేళ్లు చీలిపోతాయి. బిట్టు పెట్టేముందు సూదితో గుంట పొడిచి గురి చేసుకోవాలి. పై నుంచి సగం, కింద నుంచి సగం చేస్తే మధ్యలో కలుస్తాయి. ఒకే పక్క నుంచి పోతే మణికట్టులో తేలుతుంది.

బట్ట మార్చడం తర్వాతి పని. ఈజిప్టు బొమ్మల నడుముకు ముందు పక్క మడత ఉన్న చుట్టుబట్ట ఉంటుంది. దాన్ని గోచి పెట్టి కట్టిన పంచెగా మార్చాలి. ముందు వేలాడే ముక్కను కోసేయండి. ఎం-సీల్, గ్రీన్ స్టఫ్ (బొమ్మలు చేసేవాళ్లు వాడే ఆకుపచ్చ పుట్టీ) సగం సగం కలపండి. ఒట్టి ఎం-సీల్ గరుకుగా ఉండి మడతలు పదునుగా రావు, ఎండాక పెళుసు. ఒట్టి గ్రీన్ స్టఫ్ జిగటగా సాగి అంచు నిలబడదు. కలిపితే రెండిటి గుణమూ వస్తుంది. తడి ప్లాస్టిక్ కవరు మధ్య పెట్టి అర మిల్లీమీటరు రేకులా ఒత్తి, 3 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. పొడుగు పట్టీలు కోయండి. ఒక పట్టీని బొడ్డు కింద మొదలుపెట్టి కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపాలి. తడి సూదితో పై నుంచి కిందికి మూడు నాలుగు గీతలు లాగితే మడతలు. ఎక్కువ మడతలు పెడితే బట్ట కాదు, ఈనెల కట్ట అవుతుంది. పుట్టీ పాలిథిలీన్‌కు అంటదు కాబట్టి అక్కడ ముందే ఉప్పుకాగితంతో గీసి, సూదితో నాలుగైదు పోట్లు పొడిచి పట్టు చేసుకోవాలి.

డాళ్లకు ఒక చిట్కా. ఆఫీసు పంచింగ్ మిషను రంధ్రం 6 మి.మీ. దాకా ఉంటుంది, అంటే 43 సెం.మీ. చేతిడాలు. చెప్పులు కుట్టేవాళ్ల 8 మి.మీ. పంచితో కొడితే 58 సెం.మీ. డాలు. పలచటి అల్యూమినియం రేకును పంచి చేసి, రబ్బరు మీద పెట్టి, మూత ఉన్న పెన్ను వెనక కొసతో గుండ్రంగా తిప్పుతూ ఒత్తితే ఉబ్బెత్తుగా వంగుతుంది. మధ్యలో ఫెవికాల్ చుక్క పెడితే బొడిపె. ఇవి కూడా దళమంతటికీ ఒకేలా ఉండాలి.

గుర్రాల దగ్గర ఎక్కువమంది తూకం తప్పుతారు. అప్పట్లో దక్షిణాది రాజుల మేలుజాతి గుర్రాలు అరబ్, పారశీక తీరాల నుంచి ఓడల్లో వచ్చేవి. అరబ్ గుర్రం భుజం దగ్గర 145 నుంచి 155 సెం.మీ. ఎత్తు, బొమ్మలో 20 నుంచి 21.5 మి.మీ. యూరప్ నైట్ల (కవచధారి రౌతుల) సెట్ల గుర్రాల్లో 24 మి.మీ. ఉన్నవీ ఉంటాయి. అసలు కొలతలో అది 173 సెం.మీ., బండి లాగే గుర్రానికి తగ్గ ఎత్తు. దాని మీద కాకతీయ రౌతును ఎక్కిస్తే పిల్లవాణ్ని కూర్చోబెట్టినట్టుంటుంది. మంగోలు సెట్లలో 17 నుంచి 20 మి.మీ. గుర్రాలు పొట్టి మంగోలు జాతికి సరిగ్గా సరిపోతాయి. వాటిలో పెద్దవి మన రౌతులకు, చిన్నవి ఢిల్లీ సేన విలుకాళ్లకు పంచుకుంటే సరి. పొట్టి గుర్రాన్ని ఎత్తు పెంచాలని కాళ్లు సాగదీయొద్దు. కింద ఏటీఎం కార్డు ముక్క పెట్టి, మట్టితో కప్పేయండి.

ఏనుగు మీద మనసు పెట్టి పనిచేయాలి, ఎందుకంటే బల్ల మీద కళ్లన్నీ దాని మీదే పడతాయి. రామప్ప గుడి అధిష్ఠానం మీద వరుసగా నడిచే ఏనుగుల్ని చూసిన కంటికి తప్పు ఏనుగు వెంటనే తెలుస్తుంది. కార్తేజ్ సెట్లలో వచ్చేది ఆఫ్రికా ఏనుగు. చెవి భుజాన్ని కప్పేస్తుంది, నడుము మధ్యలో పల్లంగా వంగుతుంది, ఒంట్లో అన్నిటికంటే ఎత్తు భుజం. మన ఏనుగుకు చెవి చిన్నది, నడుము మధ్యలో పైకి ఉబ్బుతుంది, నడినెత్తిన రెండు గుబ్బలుంటాయి, ఒంట్లో అన్నిటికంటే ఎత్తు తలే. తొండం చివర ఆఫ్రికా దానికి రెండు వేళ్లు, మనదానికి ఒకటే.

మార్చే వరుస ఇదీ. ముందు భుజం ఎత్తు కొలవండి. 2.7 మీటర్ల మగ ఏనుగు 37.5 మి.మీ. రావాలి. 42 దాటితే దాన్ని వాడొద్దు, ఏం చేసినా కొండలా ఉంటుంది. చెవి పైఅంచును, వెనక అంచును కోసి దాదాపు సగానికి తగ్గించండి. చెవి వేరు దగ్గర కత్తి పెట్టకండి, అక్కడ తల సన్నబడి చిల్లు పడుతుంది. నుదుటి మీద సూదిపోట్లు పొడిచి రెండు పుట్టీ ఉండలు, ఒక్కొక్కటి 5 మి.మీ., పక్కపక్కన అద్ది మధ్యలో లోయ తీయాలి. నడుము పల్లాన్ని పుట్టీతో నింపి నునుపు చేసే శ్రమ అక్కర్లేదు. ముద్దగా నింపి, దాని మీద ఫెవికాల్‌లో ముంచిన టిష్యూ కాగితాన్ని దుప్పటిలా కప్పండి. పక్కలకు వేలాడే అంచు మడతలు వాటంతట అవే పడతాయి. జ్వెజ్డా యుద్ధ గజాల సెట్టులో అంబారీ, మనుషులు గ్రీకు పద్ధతివి. వాటిని తీసి పక్కన పెట్టి, దుప్పటి మీద ఒక మావటి, ఇద్దరు యోధులు చాలు. కూర్చునే బొమ్మలు రౌతుల నుంచి వస్తాయి. మావటి కాళ్లు చెవుల వెనక్కి దిగాలి, గుర్రం మీద రౌతులా పక్కలకు చాచి ఉండకూడదు. రౌతు తొడల్ని మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి దగ్గరికి వంచి, వెంటనే చల్లనీళ్లలో పెడితే ఆ భంగిమలో నిలుస్తాయి.

వంగిపోయిన కత్తులు, కాళ్లు కూడా ఇదే పద్ధతిలో తిన్నగా అవుతాయి. చల్లార్చేదాకా చేతితో పట్టుకునే ఉండాలి, వదిలితే తిరిగి పాత వంపుకే పోతుంది.

మన వాతావరణం ఈ పనిలో ఒక పనివాడే. మే నెలలో వరంగల్ ఎండ 44 డిగ్రీలు తాకేటప్పుడు గాలిలో తేమ ఉండదు. ఫెవిక్విక్ గట్టిపడేది గాలిలో తేమతోనే, కాబట్టి అప్పుడు ఆలస్యమవుతుంది. అతుకు మీద నోటితో మెల్లగా ఊదండి, లేదా చిటికెడు తినే సోడా చల్లండి. వానాకాలంలో అదే జిగురు క్షణంలో పట్టేసి చుట్టూ తెల్లగా పొగలాంటి మచ్చ వదులుతుంది. ఎం-సీల్ ఎండాకాలంలో త్వరగా గట్టిపడుతుంది, ఒకసారికి ముగ్గురు నలుగురు సిపాయిలకు సరిపడేంతే కలపండి. స్ప్రే ప్రైమరును వేసవి మధ్యాహ్నం కొడితే రంగు బొమ్మను చేరేలోపే గాలిలో ఆరి ఇసుకలా పడుతుంది. తెల్లవారుజామున, 15 నుంచి 20 సెం.మీ. దూరం నుంచి, పలచగా రెండు పొరలు కొట్టండి. ముసురు పట్టిన రోజున స్ప్రే వార్నిష్ ముట్టుకోవద్దు, బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. కుంచెతో పూసే మ్యాట్ వార్నిష్ ఏ కాలానికైనా భద్రం.

రంగుకు ముందు బొమ్మల్ని గిన్నెలు తోమే ద్రవంతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగాలి. అచ్చు నుంచి తీయడానికి వాడిన జిడ్డు ఉంటే రంగు పెచ్చులుగా ఊడుతుంది. మెత్తటి బొమ్మలకు ప్రైమరు కింద నీళ్లు కలిపిన ఫెవికాల్ పలచటి పొర వేస్తే రంగు వంగినా పగలదు. పంచెలకు అచ్చ తెలుపు వాడకండి, కాస్త పసుపు, కాస్త బూడిద కలిపిన తెలుపు బాగుంటుంది. నడికట్లకు, తలపాగాలకు చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం. దళంలో ఎన్ని కంపెనీల బొమ్మలున్నా ఒంటి రంగు ఒకేసారి, ఒకే గిన్నెలోంచి వేయాలి. రెండు రోజులు పట్టినా మూత పెట్టి అదే వాడండి.

దళాన్ని నిలబెట్టే పెద్ద బిళ్లలకు 2 మి.మీ. ఎండీఎఫ్ చెక్క, 60 మి.మీ. వెడల్పు. ఒక్కో బిళ్లకు పదాతి నలుగురు, రౌతులు ముగ్గురు. ఏనుగుకు 60 × 80 పెట్టుకుంటే తొండం బయటికి పొడుచుకు రాదు. మట్టికి మన చలక నేలను మించింది లేదు. టీ జాలితో రెండుసార్లు జల్లించి, పెనం మీద వేయించి, వేరు ముక్కలు, గింజలు ఏరేయండి. వేయించకపోతే వానాకాలంలో బూజు వస్తుంది. అర మిల్లీమీటరు రేణువు అసలు కొలతలో 36 మి.మీ. కంకర రాయి, కాబట్టి అంతకంటే పెద్దవి నాలుగైదు చాలు. ఫెవికాల్ తడికి మట్టి ముదురుతుంది, ఆరాక కూడా పూర్తిగా తేలికపడదు. పైన లేత ఎరుపుతో పొడి కుంచె ఒకసారి తిప్పండి.

15 మి.మీ. లోహపు బొమ్మలకు వచ్చేసరికి తేడాలు ఇంకా ఎక్కువ. మినీఫిగ్స్ పాత బొమ్మలు 15 దగ్గరే ఆగుతాయి, ఫోర్జ్డ్ ఇన్ బ్యాటిల్ వాళ్లవి 18 తాకుతాయి. అంత చిన్న బొమ్మ మీద 3 మి.మీ. అంటే అయిదో వంతు, ఏ ముక్కా దాన్ని దాచదు. వీటిని దళాల వారీగా విడదీయడమే దారి. లోహం కాబట్టి ఫెవిక్విక్ బాగా పడుతుంది, మెడ పిన్ను ఒకటి చాలు. 6 మి.మీ.లో తలలు మార్చే పనే లేదు. బాకస్ వాళ్లు నలుగురిని ఒకే పట్టీ మీద పోస్తారు, ఆ పట్టీలను కోసి కలపడం, బల్లెం కొసలు సాఫు చేయడం వరకే.

3డీ ప్రింటు వేయించేవాళ్లు 1/56 కొలతకు చేసిన ఫైలును 1/72కి తగ్గించాలంటే 77.8 శాతానికి పెట్టాలి. 0.6 మి.మీ. కత్తి అప్పుడు 0.47 అవుతుంది, రెసిన్‌లో అది తుమ్మితే విరుగుతుంది. కత్తులు, ఈటెలు ప్రింటులో తీసేసి తీగతో పెట్టించండి.

పూర్తయిన సైన్యాన్ని బిళ్లల కింద అయస్కాంతపు షీటు అంటించి రేకు డబ్బాలో నిలబెట్టండి. వేసవిలో ఎండలో ఆపిన కారులో మాత్రం ఆ డబ్బాను వదలొద్దు. మరిగే నీళ్లలో తిన్నగా చేసిన కాళ్లన్నీ ఆ వేడికి మళ్లీ పాత వంపుకు తిరుగుతాయి.